మామ్మ ఫోను ఎందుకు మార్చొద్దంటున్నానంటే

మొన్న సంక్రాంతికి బంధుగాంలో అందరం కలిసినప్పుడు చిన్నాన్న ఒక మాట అన్నాడు. ఉగాదికి మామ్మకి మంచి టచ్ ఫోను కొందాం, తలా కొంత వేసుకుందాం, రోజూ వీడియోలో మునిమనవల్ని చూసుకుంటుంది అని. అందరూ సరే అన్నారు. వద్దన్నది నేనొక్కడినే. "సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తూ నువ్వే బటన్ ఫోను కావాలంటే ఎలారా" అని బావ నవ్వాడు. అరిసెల పళ్ళెం చుట్టూ కూర్చుని వాదించడం నాకు చేతకాదు. రాసి చెప్తానని అప్పుడే అన్నాను. పాత ఫోటోలు, పెళ్ళి శుభలేఖలు పెట్టుకునే మన పేజీలో ఈసారి ఒక చిన్న బొడిపె గురించి చదవండి.

మామ్మ ఫోనులో 5 అంకె మీద గింజలాగా ఒక బొడిపె ఉంటుంది. మీలో చాలామంది దాన్ని ఎప్పుడూ గమనించి ఉండరు. మామ్మకి ఒక కన్ను నీటికాసులతో పోయింది. రెండో కంటికి శుక్లం తీయించినా నీడల్లాగే కనిపిస్తాయి. ఫోను చేతిలోకి తీసుకోగానే ఆమె బొటనవేలు ఆ బొడిపె మీదకి వెళ్తుంది. అక్కడి నుంచి లెక్క మొదలు. "గింజకి పైది మీ చిన్నాన్న, ఎడం పక్కది నువ్వు, కుడి పక్కది పెద్దత్త, కిందది కొట్టు" అని నాకు ఒకసారి చెప్పింది. అంటే 2, 4, 6, 8. ఒక్కో బటన్ గట్టిగా కాసేపు నొక్కి పట్టుకుంటే ఆ నంబరుకి పోయేట్టు చిన్నాన్న కొడుకు అమర్చి పెట్టాడు. మామ్మకి అవి అంకెలని కూడా తెలియనక్కర్లేదు. గింజ, దాని నాలుగు దిక్కులు, అంతే.

మన ఇంట్లో లిపులు ఎన్ని ఉన్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? 1936లో ఒడిశా ఏర్పడే వరకు మన ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. అందుకే అటక మీద చిట్టాలన్నీ తెలుగులో ఉన్నాయి. చిన్నాన్న వాళ్ళు ఒడియా బడిలో చదివారు. నాన్న ఉద్యోగం బళ్ళారిలో కాబట్టి నేను పదో తరగతి దాకా కన్నడ మీడియం. తెలుగు రాయడం అమ్మ దగ్గర నేర్చుకున్నదే. కన్నడ తలకట్టు ఒకలా, మనది ఇంకోలా. ఇప్పటికీ తడబడతాను, తప్పులుంటే సర్దుకోండి. బడిలో మాకు అంకెలు కూడా కన్నడవే నేర్పారు. కొట్టుకి వచ్చే కొంధు వాళ్ళు మాట్లాడేది కువి, అది చదవడం రాయడం నేర్పిన బడి వాళ్ళలో చాలామందికి లేదు. మామ్మకి వీటిలో ఏ అక్షరమూ రాదు. ఆ గింజకి లిపి లేదు కాబట్టి ఆమె దాన్ని చదవగలిగింది.

మూడేళ్ళ కిందట ఇప్పుడు మీరు చేద్దామంటున్న పని నేను చేశాను. ఈ సంగతి ఇంట్లో సగంమందికి తెలుసు, సగంమందికి తెలియదు. బోనస్ వచ్చిన ఉత్సాహంలో పెద్ద తెర ఉన్న టచ్ ఫోను కొని తెచ్చి, పాత బటన్ ఫోనులో సిమ్ తీసి ఇందులో వేశాను. అక్షరాలు పెద్దవి చేశాను. మొదటి తెర మీద నలుగురి ఫోటోలు పెట్టాను, ముట్టుకుంటే చాలు ఫోను వెళ్ళేట్టు. ముట్టుకున్నప్పుడల్లా ఫోను చిన్నగా అదిరేలా కూడా పెట్టాను. వేలికి తెలుస్తుంది కదా అనుకున్నాను. నేను టెస్టర్‌ని. పది పరికరాల మీద పరీక్ష పెట్టకుండా ఏ యాప్‌నీ బయటికి వదలను. మామ్మ ఫోనుని మాత్రం నా రెండు కళ్ళతో, పొడి చేతులతో, పగటిపూట ఒకసారి పరీక్షించి బస్సెక్కేశాను.

ఆ శ్రావణంలో ఒక రాత్రి వాన. కరెంటు లేదు. తాతయ్య పెరట్లో నాచు మీద జారి పడిపోయాడు. మామ్మ ఆయన్ని లేపబోయి, లేపలేక, తడి చేతులతోనే ఫోను తీసింది. తెర వెలిగింది. ఎక్కడ ముట్టుకున్నా ఫోను అదురుతూనే ఉంది, ఎవరికీ వెళ్ళలేదు. తర్వాత నేను ఆ ఫోను తెరిచి చూస్తే కెమెరాలో చీకటి ఫోటోలు పదకొండు ఉన్నాయి, ఒక అలారం పెట్టి ఉంది. పొరుగింటావిడ గొంతు విని వచ్చేసరికి ముప్పావు గంట అయింది. తాతయ్యకి తుంటికి ఏమీ కాలేదు, మణికట్టు విరిగింది, తర్వాత వారం జ్వరం. మామ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "ఆ అద్దానికి నా ఏలు తెల్దు బాబూ, నా ఏలికి అది తెల్దు. ఊరికే గీపెట్టింది" అని మాత్రం అంది. పాత ఫోను మళ్ళీ చేతికిచ్చాను.

ఆ "ఊరికే గీపెట్టింది" అన్నమాట మీద నేను చాలా రోజులు ఆలోచించాను. ఫోను అదిరింది నిజమే. అంటే వేలికి జవాబు వచ్చింది. అయినా ఆ జవాబు ఎందుకు పనికిరాలేదు?

బటన్ లోపల ఏముంటుందో చెప్తాను. చిన్నప్పుడు కొబ్బరినూనె రేకు డబ్బా అడుగు నొక్కితే టక్‌మని లోపలికి పోయి, వదిలితే మళ్ళీ టక్‌మని బయటికి వచ్చేది గుర్తుందా? చాలా ఫోను బటన్ల కింద అలాంటిదే ఒక చిన్న స్టీలు చిప్ప బోర్లించి ఉంటుంది. కొన్నింట్లో రబ్బరు చిప్ప. (రబ్బరు అంటే మన వైపు వాళ్ళకి ఝంఝావతి రబ్బరు డ్యామే గుర్తొస్తుంది. అది నింపితే లేస్తుంది, ఖాళీ చేస్తే పడుకుంటుంది, ఇదీ ఇంచుమించు అలాగే, ఇక్కడ ఆ పని వేలిది.) వేలు నొక్కుతున్న కొద్దీ చిప్ప ఎదురు తోస్తుంది. ఒక హద్దు దాటగానే చటుక్కున కూలిపోతుంది, ఎదురుతోపు ఒక్కసారిగా తగ్గుతుంది, కింద ఉన్న బోర్డుకి తగిలి కరెంటు కలుస్తుంది. ఆ తగ్గుదల ఎంత ఉంటే వేలికి టక్ అంత స్పష్టంగా తెలుస్తుంది. కీప్యాడ్లు తయారుచేసేవాళ్ళు దాన్ని శాతాల్లో కొలుస్తారు. సుమారు సగం తగ్గితే మంచి బటన్. మరీ తక్కువ తగ్గితే పిండి ముద్దని నొక్కినట్టు ఉంటుంది. మరీ ఎక్కువైతే బటన్ ఆయుష్షు తగ్గుతుంది.

కాబట్టి మంచి బటన్ వేలికి మూడు సంగతులు చెప్తుంది. నొక్కకముందే, నేను ఇక్కడున్నాను, నా అంచు ఇది, నా పక్కవాడు అక్కడున్నాడు అని. నొక్కుతున్నప్పుడు, ఇంకా కాలేదు, కావాలంటే వెనక్కి తీసుకో అని. నొక్కాక, అయింది అని. టచ్ ఫోను అదురు వీటిలో మూడోది ఒక్కటే చెప్తుంది. అదీ ఏది అయిందో చెప్పదు, ఏదో అయింది అని చెప్తుంది. గాజు మీద వేలు పెట్టి వెతకడమంటూ లేదు, పెట్టడమే నొక్కడం. మామ్మ ఆ రాత్రి వెతుకుతోంది. ఫోను ప్రతి వెతుకులాటనీ ఆజ్ఞ అనుకుంది.

ఇది అలవాటు సమస్య కాదు. మన చర్మంలో అంచుల్నీ, గరుకునీ పసిగట్టే గ్రాహకాలు వేరు, అదురుని పసిగట్టేవి వేరు. అదురుని పట్టేవి లోతున ఉంటాయి, సెకనుకి రెండు మూడు వందల సార్లు అదిరే కంపనం వాటికి బాగా తెలుస్తుంది. ఫోనులో మోటార్లు కూడా చాలావరకు ఆ దాపులోనే అదురుతాయి. కానీ ఆ కంపనం ఫోను మొత్తానికి పాకుతుంది, పట్టుకున్న అరచేతికి కూడా తెలుస్తుంది. వేలి కొసన ఒక గింజ ఎక్కడుందో చెప్పే పని వాటిది కాదు. గింజ పని గింజే చెయ్యాలి.

పెద్ద కంపెనీలు దీన్ని గమనించలేదని కాదు. 2008లో బ్లాక్‌బెర్రీ వాళ్ళు స్టార్మ్ అనే ఫోను తెచ్చారు. బటన్ల ఫోన్లకి పేరుపడిన కంపెనీ వాళ్ళది. గాజు తెర మొత్తాన్నీ ఒక పెద్ద బటన్ మీద కూర్చోబెట్టారు, నొక్కితే తెరంతా టక్‌మని దిగేది. కాగితం మీద గొప్ప ఆలోచన. చేతిలో మాత్రం ఎక్కడ నొక్కినా అదే టక్కు. నొక్కావు అని చెప్పింది, ఏది నొక్కావో చెప్పలేకపోయింది. జనం విసుక్కున్నారు, కంపెనీ ఆ దారి వదిలేసింది. 2012లో అమెరికాలో టాక్టస్ అనే చిన్న కంపెనీ ఇంకా ముందుకెళ్ళి, తెర పైపొరలో సన్నటి కాలవల్లో ద్రవం నింపి కావలసినప్పుడు బటన్లు పైకి ఉబికేలా, అక్కర్లేనప్పుడు మళ్ళీ చదునయ్యేలా చేసి చూపించింది. వాళ్ళు సరైన ప్రశ్నే పట్టుకున్నారని నా అభిప్రాయం. కానీ అది మన కొట్టు దాకా వచ్చే ధరలో, వచ్చే ఫోనులో ఎప్పుడూ రాలేదు.

బటన్ల పక్షాన మాట్లాడుతున్నానని వాటి తప్పులు దాచను. అవి కూడా అబద్ధం ఆడతాయి. ఉద్యోగంలో మొదట్లో నేను చేతిలో పట్టుకునే ఒక బిల్లింగ్ యంత్రం మీద పనిచేశాను. ఒక రోజు 50 కొడితే 500 పడింది. మళ్ళీ కొడితే సరిగ్గా పడింది. యాభైసార్లు కొడితే రెండుసార్లు ఎక్కువ సున్నా. సంగతేమిటంటే, బటన్ కింద లోహం లోహానికి తగిలినప్పుడు ఒక్కసారే తగిలి ఊరుకోదు, కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి తగులుతుంది. ఆ ఎగురుళ్ళన్నిటినీ ఒకే నొక్కుగా లెక్కపెట్టుకోవడం సాఫ్ట్‌వేర్ పని. అక్కడ ఎదురుచూసే సమయం మరీ తక్కువ పెట్టారు. ఎక్కువ పెడితే చెయ్యి జోరుగా ఉన్న కొట్టువాడు రెండు సున్నాలు కొడితే ఒకటే పడుతుంది. రబ్బరు బటన్లకి ఇంకో జబ్బు ఉంది. వాటి అడుగున నల్లటి కార్బన్ బిళ్ళ ఉంటుంది, ఏళ్ళ తరబడి నొక్కి నొక్కి అది అరిగిపోతుంది. అప్పుడు వేలికి టక్ తెలుస్తుంది, అంకె పడదు. ఇది అన్నిటికన్నా చెడ్డది. టక్‌కీ, పడటానికీ మధ్య నమ్మకం పోతే మనిషి ప్రతిసారీ తెర వైపు చూడాల్సిందే. చూపు లేనివాళ్ళకి ఇక దిక్కులేదు. అందుకే నాకు కొత్త పరికరం ఏది ఇచ్చినా మొదట వేలికి తెలిసే క్షణమూ, అంకె పడే క్షణమూ కలుస్తున్నాయా లేదా చూస్తాను.

ఈ జాగ్రత్తలు కొత్తవేం కావు. అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్ళు 1950ల చివర్లోనే బటన్లు ఏ వరసలో పెట్టాలి, ఎంత బలంతో నొక్కాలి, ఎంత లోతు దిగాలి అని మనుషుల్ని కూర్చోబెట్టి పరీక్షించారు. 1963 నవంబరులో బటన్ల టెలిఫోను జనంలోకి వచ్చింది. 1, 2, 3 పై వరసలో ఉండటం అక్కడి నుంచే. కాలిక్యులేటర్‌లో 7, 8, 9 పైన ఉంటాయి, చిన్నాన్న రోజంతా రెండూ వాడతాడు, తలకాయ తిరగదా అని అడిగితే "చేతికి తెలుసు" అంటాడు. రెండిట్లోనూ 5 మాత్రం నడిమధ్యనే ఉంటుందని గమనించండి. మామ్మ గింజ ఏ యంత్రంలోనైనా చోటు మారదు. 2003లో వచ్చిన నోకియా 1100 ఇరవై అయిదు కోట్లకు పైగా అమ్ముడుపోయింది. దుమ్ము దూరకుండా ఒకే రబ్బరు పలకగా చేసిన కీప్యాడ్, నెత్తిన టార్చి. మన సంతలో ఆ మోడల్ చేతిలో లేని మనిషి కనపడని రోజులు నాకు గుర్తున్నాయి, సెలవలకి వచ్చినప్పుడల్లా చూసేవాణ్ణి.

ఇక అసలు సంగతికి వస్తాను. మామ్మ ఫోను ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు.

కొట్టులో పిన్ నంబరు కొట్టే యంత్రం మారుస్తున్నామని చిన్నాన్న చెప్పాడు. ఏజెంటు చూపించిన కొత్తదాంట్లో బటన్లు లేవు, అంతా గాజు తెర. పాతదాంట్లో 5 మీద గింజ ఉంది. రద్దు చేసే ఎర్ర బటన్ మీద ఇంటూ గుర్తు, సరే అనే పచ్చ బటన్ మీద సున్నా గుర్తు పైకి తేలి ఉన్నాయి, వేలితో తడిమితే తెలుస్తాయి. కొత్తది చూడ్డానికి బాగుంది, కొంచెం చవక. సంక్రాంతి సెలవల్లో నేను రెండు రోజులు గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఆ శాంపిల్ యంత్రంతో జనం ఎలా అవస్థ పడుతున్నారో చూశాను.

పొలం పని చేసే చేతులు గాజుకి సరిగ్గా అందవు. టచ్ తెర వేలిలో ఉన్న తడినీ విద్యుత్తునీ పసిగట్టి పనిచేస్తుంది. చర్మం ఎండి కాయలు కాచి ఉంటే దానికి వేలున్నట్టే తెలియదు. నీళ్ళచుక్క పడితే లేని వేలు ఉన్నట్టు అనుకుంటుంది. రేషన్ కొట్టులో వేలిముద్ర పడక మళ్ళీ మళ్ళీ పెట్టించే ముసలివాళ్ళని మీరందరూ చూసే ఉంటారు. ఆ అరిగిన వేళ్ళే ఇక్కడా. కానీ బటన్‌కి ముద్ర అక్కర్లేదు, తడి అక్కర్లేదు, బలం చాలు. యంత్రం పీప్ మంటుంది కదా అనొచ్చు. సంతలో మైకూ, మేకలూ, బేరాలూ, ఆ పీప్ ఎవరికి వినపడుతుంది?

మూడోసారి కూడా పడకపోయేసరికి ఒక పెద్దావిడ యంత్రాన్ని చిన్నాన్న చేతికిచ్చి తన నాలుగంకెలు పైకి చెప్పేసింది. నువ్వే కొట్టు బాబూ అంది. చిన్నాన్న కొట్టాడు, ఆవిడ డబ్బు ఆవిడకి ఇచ్చాడు. చిన్నాన్న నిజాయితీ గురించి నాకు అనుమానం లేదు. కానీ వెనకున్న నలుగురూ ఆ అంకెలు విన్నారు. రోజంతట్లో అలాంటివి ఆరు లెక్కపెట్టాను. పాత యంత్రం దగ్గర రెండో రోజు కూర్చుంటే ఒక్కరు అడిగారు, అతను కూడా కళ్ళజోడు మర్చిపోయి వచ్చినాయన. రెండు రోజుల లెక్క పెద్ద రుజువు కాదని నాకు తెలుసు, మా ఆఫీసులో ఇంత చిన్న పరీక్ష చూపిస్తే ఒప్పుకోరు. అయినా నాకు చాలింది.

ఎందుకు చాలిందో చెప్తే ఇంట్లో కొందరికి నచ్చకపోవచ్చు. అటక మీద చిట్టాల్లో పేజీల నిండా వేలిముద్రలున్నాయి. పక్కన రాసిన అంకె ఎంతో ముద్ర వేసినవాడికి తెలియదు, రాసిన మన ముత్తాతకే తెలుసు. మన ముత్తాత మంచివాడో కాదో నేను తేల్చలేను, తేల్చాలని లేదు. షెడ్యూలు ప్రాంతంలో బయటినుంచి వచ్చి స్థిరపడిన వ్యాపారి కుటుంబం మనది. అంకె మన చేతిలో, వేలు వాళ్ళది అన్న లెక్క మీద ఎన్నేళ్ళు నడిచిందో ఆ చిట్టాలే చెప్తాయి. ఇప్పుడు మొదటిసారి అంకె కూడా వాళ్ళ చేతికి వచ్చింది. నాలుగు నొక్కులు, ఎవరికీ చెప్పక్కర్లేదు. చదునైన గాజు పెట్టి ఆ అంకెని మళ్ళీ మన చేతికి తెచ్చుకోవడం, అదీ యంత్రం చవగ్గా వస్తుందని, నాకు సిగ్గుగా అనిపించింది.

చట్టాలకీ ఆఫీసులకీ ఈ సంగతి తెలియదా అంటే, కావలసిన చోట బాగానే తెలుసు. రిజర్వు బ్యాంకు 2014 జూలై నుంచి కొత్తగా పెట్టే ఏటీఎంలన్నీ మాట్లాడేవిగా, బ్రెయిలీ కీప్యాడ్‌తో ఉండాలని చెప్పింది. ఓటు యంత్రం చూడండి. పేరు పక్కన నీలం బటన్, వేలికి దిగినట్టు తెలుస్తుంది, దీపం వెలుగుతుంది, పొడవాటి కూత. ఆ బటన్ల పక్కన బ్రెయిలీ అంకెలు పెట్టడం మొదట ప్రయోగంగా చేసింది 2004లో హైదరాబాద్ ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికలో. ఇప్పుడది దేశమంతటా ఉంది. ఇంకోటి నాకు భలే నచ్చింది. ఆపదలో ఉన్నవాళ్ళు సాయం పిలిచేందుకు ప్రతి మొబైల్లో పానిక్ బటన్ ఉండాలని 2016లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. మామూలు ఫోన్లలో దానికి ఎంచుకున్నవి ఏ అంకెలో తెలుసా? 5 గానీ 9 గానీ. నిబంధన రాసినవాళ్ళ మనసులో ఏముందో నాకు తెలియదు గానీ, చీకట్లో మొదట వేలికి తగిలేది గింజే. స్మార్ట్‌ఫోన్లకి కూడా పవర్ బటన్‌ని వెంటవెంటనే మూడుసార్లు నొక్కే పద్ధతి అందులో చేర్చారు. గాజు ఫోనుకి మిగిలిన కాసిని బటన్లలో అదొకటి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు నొక్కడానికి ఒక నిజం బటన్ ఉండాలని రాసిపెట్టారు కదా. డబ్బు దగ్గర, ముసలివాళ్ళ దగ్గర ఎందుకు మర్చిపోతున్నాం?

మీరు అడగబోయేది నాకు తెలుసు. టచ్ ఫోనులో కూడా తెర చదివి వినిపించే ఏర్పాటు ఉంది కదా, చూపు లేనివాళ్ళు ఎంతమంది గాజు ఫోన్లని అద్భుతంగా వాడటం లేదు అని. నిజమే. నాతో పనిచేసే అతను ఒకడు పూర్తిగా చూపులేనివాడు, గాజు మీద నాకన్నా వేగంగా రాస్తాడు. ఆ ఏర్పాటు వల్ల వేలు పెట్టడమూ నొక్కడమూ వేరువేరు అవుతాయి. ఒకసారి తాకితే పేరు చెప్తుంది, రెండుసార్లు తడితేనే పని చేస్తుంది. అంటే గాజులో లేని ఆ మొదటి సంగతిని మాటతో భర్తీ చేస్తుంది. కానీ అతను కుర్రాడు, నెలల తరబడి సాధన చేశాడు, చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటుంది. మామ్మకి ఎనభై నాలుగు, ఒక చెవి మందం. కువి మాట్లాడే ఆవిడకి యంత్రం ఏ భాషలో చదివి వినిపిస్తుంది? ఏజెంటు చూపించిన యంత్రంలో అయితే ఏ భాషలోనూ మాట లేదు, అడిగితే రాబోయే అప్‌డేట్‌లో వస్తుందన్నాడు. రాబోయే అప్‌డేట్ అన్నమాట నేనూ ఉద్యోగంలో చాలామందికి చెప్పాను, దాని విలువ నాకు తెలుసు.

బటన్ ఫోనుతో డబ్బు పనులు కావు అనేది కూడా పాతమాటే. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు మామూలు ఫోన్లకి యూపీఐ 123పే మొదలుపెట్టింది. ఫోను చేసి, అవతలి గొంతు చెప్పినట్టు అంకెలు నొక్కి డబ్బు పంపొచ్చు. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అన్నప్పుడు టచ్ ఫోనులో ఏమవుతుందో మీకందరికీ అనుభవమే. చెవి దగ్గర నుంచి తీసి, తెర వెలిగేదాకా ఆగి, కీప్యాడ్ ఎక్కడ దాక్కుందో వెతికేసరికి అవతలి గొంతు మళ్ళీ మొదటికి వస్తుంది. బటన్ ఫోనులో అవి ఎక్కడికీ పోవు.

వీడియోలో మునిమనవల్ని చూడటం అన్న కోరిక మంచిదే, నేను కాదనను. దానికి చిన్నాన్న ఇంట్లో ఉన్న టాబ్ చాలు, ఆదివారం సాయంత్రం పక్కన ఎవరో ఒకరు కూర్చుని కలిపితే సరిపోతుంది. మామ్మకి అందులో ముఖాలు కనిపించవు, గొంతులే వినిపిస్తాయి, ఆ సంగతి కూడా గుర్తుంచుకోండి. చీకట్లో, వానలో, ఒంటరిగా ఆమె చేతిలో ఉండాల్సిన వస్తువు వేరు.

కాబట్టి ఉగాదికి వచ్చేవాళ్ళకి నా విన్నపాలు రెండు. ఒకటి, కొట్టుకి గాజు యంత్రం ఒప్పుకోవద్దు. చిన్నాన్నతో నిన్న ఫోనులో మాట్లాడాను, బటన్లున్న మోడల్ ఇంకా దొరుకుతోందట, నెలకి అద్దె కొంచెం ఎక్కువ. ఆ తేడా నేను కడతానన్నాను. "ఎన్నాళ్ళు కడతావురా" అన్నాడు, కాదనలేదు. రెండు, మామ్మకి ఫోను కొనే డబ్బు ఎలాగూ పోగవుతోంది కాబట్టి, ఇప్పుడున్న మోడల్‌దే ఇంకొకటి కొందాం. ఇప్పటిది ఎనిమిదేళ్ళది. 8 బటన్ ఒక్కోసారి పడటం లేదు, అంటే కొట్టుకి ఫోను వెళ్ళడం లేదు. దానికన్నా ముఖ్యం, 5 మీద గింజ దాదాపు అరిగిపోయింది. సంక్రాంతికి చూసి దాని మీద ఎమ్‌సీల్ చుక్క ఒకటి పెట్టి వచ్చాను. మామ్మ తడిమి చూసి "కొంచెం పెద్దదైపోయిందిరా, పర్లేదు, అరుగుద్దిలే" అంది. ఆ మోడల్ కంపెనీ ఆపేసిందని విన్నాను. పార్వతీపురంలోగానీ రాయగడలోగానీ పాత స్టాకు ఎవరికైనా కనిపిస్తే, ధర అడగకుండా రెండు తీసుకోండి.